ప్రాదేశిక సైన్యం – పునర్వ్యవస్థీకరణ: ఒక ఉపాధ్యాయిని ఆలోచనలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ఏమి మాట్లాడుతుందో మీరందరూ ముందుగానే ఊహించగలరు. బడి చరిత్ర, దాతల ఔదార్యం, ఉత్తీర్ణతా శాతం, పరాయి రాష్ట్రంలో తెలుగును నిలుపుకోవలసిన ఆవశ్యకత. ఇవన్నీ నిన్నటి సభలో పెద్దలు నాకన్న బాగా చెప్పియున్నారు. ఈనాటి ప్రసంగ కార్యక్రమానికి పూర్వ విద్యార్థుల సంఘం వారు "పౌరులు – దేశరక్షణ" అనే అంశాన్ని ఇచ్చి, అందులో ఏదైనా ఒక విషయం ఎన్నుకోమన్నారు. నేను ప్రాదేశిక సైన్యాన్ని ఎన్నుకున్నాను. వాడుకలో మనం టెరిటోరియల్ ఆర్మీ అని పిలుచుకొనేది దీనినే. సాంఘికశాస్త్రం చెప్పే ఒక ఆడమనిషికి సైన్యాల పునర్వ్యవస్థీకరణతో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. అందుకు రెండు కారణాలు మనవి చేస్తాను.

మొదటిది వయస్సు. స్వతంత్ర భారతదేశపు ప్రాదేశిక సైన్యాన్ని నాటి గవర్నర్ జనరల్ చక్రవర్తుల రాజగోపాలాచారిగారు 1949 అక్టోబరు 9వ తేదీన ప్రారంభించారు. మన బడి 1950లో పుట్టింది. అనగా ఆ సైన్యం మన బడికి కొద్ది నెలల పెద్దక్కగారు. 2024లో అది తన 75 ఏళ్ళ పండుగ జరుపుకొన్నది. ఇప్పుడు మనం జరుపుకొంటున్నాం.

రెండవది ఒక ప్రశ్న. 2025 మే నెలలో సరిహద్దు ఉద్రిక్తతల వేళ, ప్రాదేశిక సైన్యాన్ని విధులకు పిలిచే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం సైన్యాధిపతికి ఇచ్చింది. ఉన్న 32 పదాతి పటాలాలలో 14 పటాలాలను విధులలోకి తీసుకోవచ్చునని ఆ ఉత్తర్వు. వేసవి సెలవుల అనంతరం బడి తెరిచిన వారంలోనే తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "టీచరుగారూ, ఏడాదిలో పది నెలలు వేరే ఉద్యోగం చేసుకొనేవాడు సైనికుడెలా అవుతాడండీ?" అని అడిగాడు. పుస్తకంలో ఉన్న సమాధానం చెప్పి కూర్చోబెట్టాను. వాడికి తృప్తి కలిగినదో లేదో గాని, నాకు కలుగలేదు. ఎందుకంటే మా నాన్నగారు అటువంటి సైనికుడే. ఆయన జీవించియుండగా నేనెన్నడూ అడుగలేని ప్రశ్న అది. ఈనాటి నా ప్రసంగం ఆ పిల్లవానికి ఆలస్యంగా ఇస్తున్న సమాధానమని భావించండి.

ముందుగా ఈ సైన్యం స్వరూపం కొంత తెలుసుకొందాం. ఇందులో చేరడానికి 18 నుండి 42 సంవత్సరాల వయస్సు ఉండాలి. చేరేవానికి అంతకుముందే స్వంత జీవనోపాధి ఉండాలి. ఇది ఉపాధి చూపించే సంస్థ కాదు. ఉపాధి ఉన్నవాడు దేశానికి కొంత కాలం ఇచ్చే ఏర్పాటు. పదాతి దళంలో చేరినవారికి సామాన్యంగా సంవత్సరానికి రెండు నెలల శిక్షణ ఉంటుంది. విధులలో ఉన్నంతకాలం శాశ్వత సైనికునితో సమానమైన వేతనం లభిస్తుంది. తక్కిన కాలమంతా అతడు తన కార్యాలయానికో, పొలానికో, దుకాణానికో తిరిగిపోతాడు. శాశ్వత సైన్యాన్ని కాపలా వంటి స్థిరమైన పనుల నుండి విడిపించడం, ప్రకృతి వైపరీత్యాలలో పౌర అధికారులకు తోడ్పడడం, అత్యవసర సేవలు ఆగిపోకుండా చూడడం, అవసరమైనప్పుడు యుద్ధానికి దళాలను సమకూర్చడం దీని విధులు. క్రికెట్ క్రీడాకారుడు ధోనీకి 2011లో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా లభించినది ఈ సైన్యంలోనే. 2019లో ఆయన కొన్ని వారాలు కాశ్మీరులో పటాలంతో కలిసి పనిచేసినప్పుడే మన పిల్లలలో చాలామంది ఈ సైన్యం పేరు విన్నారు.

ఇటువంటి సైన్యాన్ని నిర్మించడం శాశ్వత సైన్యాన్ని నిర్మించడం కంటె కష్టమని నా అభిప్రాయం. "యుద్ధకాలే శస్త్రాభ్యాసం" అని మన పెద్దలు ఎగతాళిగా అనేవారు. రోజూ సాధన లేని చేయి ఆయుధం పట్టినప్పుడు తడబడుతుంది. ఇది మొదటి చిక్కు. ఒకే మనిషికి ఇద్దరు యజమానులు ఉండడం రెండవ చిక్కు. శాంతికాలంలో అందరూ దీనిని మరచిపోవడం మూడవది. ఈ మూడు చిక్కులను ఎవరెవరు ఎట్లు ఎదుర్కొన్నారో చూస్తే, సమర్థత ఎక్కడ నుండి వస్తుందో తెలుస్తుంది.

ఈ ఆలోచన మన తెలుగువారికి కొత్తది కాదు. కాకతీయుల కాలంలోనూ, విజయనగర కాలంలోనూ నాయంకర పద్ధతి ఉండేది. నాయకుడు భూమిని అనుభవిస్తూ, రాజుకు అవసరమైనప్పుడు సైన్యంతో రావలెను. తరువాతి కాలంలో రాయలసీమ పాలెగాండ్ల క్రింద కట్టుబడి బంట్లు ఉండేవారు. వారికి జీతం లేదు, ఇనాము భూమి ఉండేది. పైరు కాలంలో సేద్యం, పిలుపు వచ్చినప్పుడు కత్తి, కర్ర. ఊరి కాపలా కూడా వారిదే. 1800లో ఆ జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాండ్ల బలాన్ని అణచివేశాడు. క్రమంగా కట్టుబడుల పని పోయింది. పని పోయిన తరువాత వారి ఇనాము భూముల మీదికి ప్రభుత్వం చేయి చాచింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు జెండా ఎత్తినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడులు అనేకులున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

చరిత్ర పాఠంలో దీనిని మనం స్వాతంత్ర్య పోరాటంగా చెబుతాం. చెప్పవలసినదే. కాని సైనిక వ్యవస్థ దృష్టితో చూస్తే ఇందులో ఇంకొక పాఠమున్నది. ఆ బంట్లకు కట్టుబడి అనే పేరే ఒక ఒప్పందం వల్ల వచ్చింది. వారు మాటకు కట్టుబడినారు. తమకిచ్చిన మాటకు ప్రభుత్వం కట్టుబడలేదు. పాత వ్యవస్థ పనికిరాదని తీసివేయడం పాలకుల హక్కు కావచ్చు. కాని దానినే నమ్ముకొని బ్రతికిన మనిషికి ఏమి చెప్పాలో ఆలోచించని సంస్కరణ, సంస్కరణ కాదు.

ఇప్పుడు దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. ఎందుకంటే మన ప్రాదేశిక సైన్యానికి పేరు, నమూనా బ్రిటను నుండి వచ్చినవే. అక్కడ హాల్డేన్ అనే న్యాయవాది 1905 డిసెంబరులో యుద్ధమంత్రి అయినాడు. అప్పటికి ఆ దేశంలో వాలంటీర్లు, యోమన్రీ అనే ఆశ్వికులు, మిలిషియా, ఎవరికి వారుగా ఉండేవారు. శిక్షణ ఒక తీరుగా లేదు, ఆయుధాలు ఒక తీరుగా లేవు, ఎవరు ఎవరి ఆజ్ఞ క్రింద పోరాడాలో స్పష్టత లేదు. 1907లో చట్టం చేసి, 1908 ఏప్రిల్ 1 నుండి వాలంటీర్లను, యోమన్రీని ఒకే ప్రాదేశిక దళంగా కలిపాడు. 14 పదాతి డివిజన్లు, 14 ఆశ్విక బ్రిగేడులు. ప్రతి డివిజనుకు దాని శతఘ్నులు, దాని ఇంజనీర్లు, దాని వైద్యులు. మిలిషియా ప్రత్యేక రిజర్వుగా మారింది. మనుషులను చేర్చుకోవడం, శిక్షణశాలలు చూడడం వంటి పనులు ప్రతి జిల్లాలోనూ స్థానిక సంఘాలకు అప్పగించాడు. సైన్యం ఊరివారిది అన్న భావం కలగాలని ఆయన ఉద్దేశం.

కాగితం మీద చక్కని నిర్మాణమది. కాని ఈ దళం దేనికి అన్న ప్రశ్నకు అందరి సమాధానమూ ఒకటి కాలేదు. చట్టం ప్రకారం స్వదేశ రక్షణకు మాత్రమే వారిని వినియోగించాలి. విదేశాలకు పోవాలంటే వారే స్వయంగా అంగీకరించాలి. 1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. కొత్త యుద్ధమంత్రి కిచెనర్‌కు ఈ పార్ట్ టైము సైనికుల మీద నమ్మకం లేదు. హాల్డేన్ కట్టిన చట్రాన్ని ప్రక్కన పెట్టి కొత్త సైన్యాలను మొదటి నుండి నిర్మించడానికి పూనుకొన్నాడు. ప్రాదేశిక సైనికులు మాత్రం తమంత తాముగా ముందుకు వచ్చారు. 1914 అక్టోబరు చివరికే లండన్ స్కాటిష్ పటాలం బెల్జియంలో యుద్ధభూమిలో నిలిచింది. మరి మూడు ప్రాదేశిక డివిజన్లు మన దేశానికి వచ్చి, ఇక్కడి శాశ్వత బ్రిటిషు పటాలాలను యుద్ధానికి విడుదల చేశాయి. పనికిరారన్నవారే పనికి వచ్చారు. పని ఏదో ముందుగా తేల్చకపోవడం వలన ఆరేళ్ళ శ్రమలో చాలా భాగం వినియోగం కాలేదు.

మన దేశంలో 1920 చట్టాల క్రింద రెండు శాఖలు ఏర్పడ్డాయి. ఐరోపావారికీ ఆంగ్లో ఇండియన్లకూ సహాయక దళం, భారతీయులకు భారత ప్రాదేశిక దళం. చర్మపు రంగును బట్టి విభజించిన సైన్యం అది. స్వాతంత్ర్యానంతరం 1948 చట్టంతో ఆ విభజన పోయింది. కొత్త ప్రాదేశిక సైన్యాన్ని మన నాయకులు ఎంతో ఆశతో సర్వాంగ సంపూర్ణంగా ఆరంభించారు. పదాతి పటాలాలతోబాటు ట్యాంకుల దళం, శతఘ్ని దళం, విమానాలను కూల్చే దళాలు, తీరరక్షణ ఫిరంగులు, సిగ్నల్ దళాలు, వాహన కంపెనీలు, వైద్య దళాలు, మరమ్మతు శాలలు అన్నీ ఉండేవి. పట్టణ దళాలవారు సాయంత్రాలు, ఆదివారాలు శిక్షణ పొందేవారు. గ్రామీణులైనవారు ఏడాదికొకసారి శిబిరానికి వెళ్ళేవారు.

1962, 1965, 1971 యుద్ధాలలో ఈ దళాలు పాల్గొన్నాయి. అయినా 1972 నాటికి పదాతి పటాలాలు తప్ప, తక్కిన ఆ దళాలను రద్దు చేయడమో, శాశ్వత సైన్యంలో కలపడమో జరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. ట్యాంకును, రాడారును నెలకు నాలుగు ఆదివారాల సాధనతో నడుపలేము. పులిని చూసి నక్క వాత పెట్టుకొన్నట్లు, పార్ట్ టైము సైన్యం శాశ్వత సైన్యానికి చిన్న నకలుగా ఉండబోతే రెండింటికీ చెడుతుంది.

సంఖ్య విషయంలోనూ ఇటువంటి పాఠమే నేర్చుకొన్నాం. చైనా యుద్ధం తరువాత 1963లో కళాశాలలలో ఎన్.సి.సి. ని నిర్బంధం చేశారు. అయిదేళ్ళకే, 1968లో, మళ్ళీ ఐచ్ఛికం చేశారు. మనసు లేని వంద మంది వరుసలో నిలబడితే వరుస పొడుగవుతుంది, బలం పెరగదు. ఈ సంగతి తరగతి గదిలో ఉండే మాకు బాగా తెలుసు.

మరి ప్రాదేశిక సైన్యం ఎక్కడ నిజంగా రాణించింది? మనిషి నిత్యం చేసే పనే దేశానికి అవసరమైన చోట. రైల్వే, చమురు సంస్థలు, వైద్యశాలలు, వీటిలోని ఉద్యోగులతో శాఖాపరమైన దళాలు ఏర్పడ్డాయి. రైలు నడిపేవాడు యుద్ధకాలంలోనూ రైలే నడుపుతాడు. అతడు కొత్తగా నేర్చుకోవలసినది క్రమశిక్షణ, ఆత్మరక్షణ, ఆజ్ఞాపాలన మాత్రమే. పనితనం అతని చేతిలో ముందే ఉన్నది.

ఇక్కడ మా నాన్నగారి సంగతి చెప్పవలసివస్తున్నది. ఆయన మన ఖుర్దారోడ్డు లోకోషెడ్డులో ఫైర్‌మన్. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన అనేక కుటుంబాలలో మాది ఒకటి. రైల్వే ప్రాదేశిక దళంలో తన ఇష్టంతోనే చేరారు. ఏటా శిబిరానికి వెళ్ళేటప్పుడు పచ్చరంగు ట్రంకుపెట్టె సర్దుకొనేవారు. తిరిగివచ్చినప్పుడు ఆ పెట్టెలో మా కోసం బఠాణీలో, బెల్లపు అచ్చులో ఉండేవి. మా అమ్మకు శిబిరమంటే నెల రోజుల పాటు ఒంటరిగా నీళ్ళు మోసుకోవడం. మాకు శిబిరమంటే బెల్లం.

1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. 8వ తేదీన మొదలై ఇంచుమించు మూడు వారాలు సాగింది. పదిహేడు లక్షల మంది కార్మికుల సమ్మె అది. రైళ్ళు నడపడానికి రైల్వే ప్రాదేశిక దళాలను పిలిచారు. మా నాన్నగారికీ పిలుపు వచ్చింది. నాకప్పుడు ఏడేళ్ళు. మా ప్రక్క క్వార్టరులోని ఆయన నాన్నగారితో ఒకే ఇంజనుపై పనిచేసినవాడు. మేము ఆయనను బాబాయి అని పిలిచేవాళ్ళం. సమ్మెలో ఆయన జైలుకు వెళ్ళారు. అదే వారంలో నాన్నగారు యూనిఫారం తొడిగి ఇంజనెక్కారు. చీకటిపడిన తరువాత మా అమ్మ పెరటి గోడ మీదుగా వారింటికి బియ్యం అందించేది. పిన్ని తీసుకొనేది గాని ముఖం చూసేది కాదు. సమ్మె ముగిసి బాబాయి తిరిగివచ్చిన తరువాత కూడా రెండేళ్ళు వారు మాతో మాట్లాడలేదు. వారి అమ్మాయి, నేను మన బడిలోనే ఒకే తరగతి. మా మూడవ తరగతి టీచరుగారు ఏమీ ఎరుగనట్లు మా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీ వల్ల మా ఇళ్ళ మధ్య మాటలు మళ్ళీ మొదలైనాయి.

ఆ సమ్మెలో న్యాయం ఎవరిదో ఈ వేదికపై తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. సమ్మె చేసినవారి పిల్లలూ, సమ్మెలో పనిచేసినవారి పిల్లలూ ఈ సభలో ప్రక్కప్రక్కనే కూర్చొని ఉన్నారు. నేను చెప్పదలచినది ఒక్కటే. పార్ట్ టైము సైనికుడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు. శాశ్వత సైనికుడు సెలవు తరువాత సైనికుల మధ్యకు పోతాడు. ఇతడు విధులు ముగించుకొని, తాను ఎవరి ఎదుట యూనిఫారం తొడిగినాడో వారి మధ్యకే తిరిగిరావాలి. అందుచేత అతనిని ఏ పనికి పిలుస్తామో ముందుగా చెప్పడం, ఆ పని ఊరివారికి కూడ తెలిసియుండడం అత్యవసరం. నాన్నగారు చేరినప్పుడు ఆయన మనసులో ఉన్నది సరిహద్దు. ఆయనకు ఎదురైనది పెరటి గోడ.

రైల్వే దళాల తరువాతి కథ కూడ గమనించదగినది. ఆరు రైల్వే ఇంజనీరు రెజిమెంట్లలో సికింద్రాబాదుతో సహా ఐదింటిని రద్దు చేసి, జమాల్‌పూర్‌లోని ఒక్కదానిని మాత్రమే నిలుపుకోవాలని ఇటీవలి సంవత్సరాలలో నిర్ణయించారు. నిలుపుకొన్నదానికి న్యూ జల్పాయిగురి నుండి అస్సాములోని రంగియా వైపు పోయే మార్గాన్ని చూసుకొనే బాధ్యత ఉన్నది. ఈశాన్య రాష్ట్రాలను దేశంతో కలిపే సన్నని నేల అది. ఈ వార్త చదివినప్పుడు మొదట నాకు మనసు చివుక్కుమన్నది. తరువాత ఆలోచిస్తే, ఇందులో న్యాయముందనిపించింది. నిర్దిష్టమైన పని ఉన్నచోట దళం నిలిచింది. పని అస్పష్టమైన చోట పోయింది.

ఇందుకు భిన్నమైన చక్కని ఉదాహరణ పర్యావరణ దళాలు. సున్నపురాయి గనులతో బోడిగా మారిన ముస్సోరీ కొండలలో మళ్ళీ చెట్లు పెంచడానికి 1982 డిసెంబరు 1న గఢ్వాల్ రైఫిల్స్‌కు అనుబంధంగా 127వ పటాలం ఏర్పడింది. ఆ ప్రాంతపు మాజీ సైనికులే అందులో చేరారు. మరుసటి ఏడు రాజస్థానులో ఇందిరాగాంధీ కాలువ వెంబడి ఇసుకను ఆపడానికి 128వ పటాలం వచ్చింది. అటు తరువాత మహారాష్ట్రలోని ఔరంగాబాదు వరకు ఈ దళాలు విస్తరించాయి. ఆ మనిషికి ఆ నేల తెలుసు, క్రమశిక్షణ తెలుసు. నాటిన మొక్క బ్రతికినదో లేదో పదేళ్ళ తరువాత కూడ అతడే చూస్తాడు. ఇది శాశ్వత సైన్యం చేయలేని పని, పౌర శాఖ ఒంటరిగా చేయలేకపోయిన పని.

ఇంతవరకు చెప్పినదాని నుండి, పునర్వ్యవస్థీకరణకు నాలుగు సూత్రాలను నా అల్పబుద్ధికి తోచినంతవరకు మనవి చేస్తాను.

ఒకటి, పని ముందు, పటాలం తరువాత. వరదలా, వంతెనలా, ఆసుపత్రులా, చమురు కేంద్రాల రక్షణా, ఏది ఏ దళానిదో శాంతికాలంలోనే నిర్ణయించాలి. యుద్ధంలో ఏ శాశ్వత దళంతో కలిసి పనిచేయాలో ఆ దళంతోనే శిక్షణ పొందాలి. బ్రిటనులో 2014లో టెరిటోరియల్ ఆర్మీ పేరును ఆర్మీ రిజర్వుగా మార్చినప్పుడు పేరు మార్పుతో ఆగలేదు. రిజర్వు దళాలను శాశ్వత దళాలతో జంటలుగా కలిపారు. మన పదాతి పటాలాలు కూడ మద్రాసు, మరాఠా, గార్డ్స్ వంటి రెజిమెంట్లకు అనుబంధంగానే ఉన్నాయి. ఆ అనుబంధం పేరులో కంటె సాధనలో ఎక్కువ కనబడాలి.

రెండు, శిక్షణకాలం మనిషి వృత్తికి తగినట్లుండాలి. రైతుకు కోతల కాలంలో శిబిరం పెడితే మనసు పొలంలో ఉంటుంది. ఉపాధ్యాయునికి వేసవి అనుకూలం. పట్టణపు ఉద్యోగికి ఆదివారాలు అనుకూలం. 1949లో మనవారు పట్టణ దళాలకు ఒక పద్ధతి, గ్రామీణ దళాలకు ఒక పద్ధతి పెట్టిన వివేకాన్ని మళ్ళీ తలచుకోవడం మంచిది.

మూడు, యజమానిని, కుటుంబాన్ని మరవరాదు. పిలుపు మీద వెళ్ళినవానిని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని మన చట్టంలోనే ఉన్నది. కాని చట్టం ఒకటి, చిన్న వర్కుషాపు ఒకటి. అయిదుగురు పనివారున్న చోట ఒకడు రెండు నెలలు లేకపోతే యజమానికి నష్టమే. మన పూర్వ విద్యార్థి ఒకడు ఒక కర్మాగారంలో పనిచేస్తూ ఈ సైన్యంలో చేరాడు. రెండవ ఏడు శిబిరానికి సెలవు అడిగితే, "ఏదో ఒకటి తేల్చుకో" అన్నారట. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. అతడు సైన్యాన్ని వదులుకొన్నాడు. ఆ యజమానిని నేను నిందించను. బ్రిటనులో 2014 చట్టం తరువాత, రిజర్వు సైనికుడు విధులకు వెళ్ళినప్పుడు చిన్న, మధ్యతరహా సంస్థలకు నెలకు 500 పౌన్ల వరకు సహాయం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. దేశానికి సైనికుడిని ఇచ్చే యజమానికి కూడ దేశం కొంత ఇవ్వడం న్యాయం. ఇది లేకపోతే పెద్ద ప్రభుత్వ సంస్థల ఉద్యోగులు తప్ప, తక్కినవారు ఈ సైన్యంలో నిలువలేరు.

నాలుగు, ఎవరిని పిలుస్తున్నామన్న దృష్టి విశాలం కావాలి. ఉద్యోగం చేసే స్త్రీలను ప్రాదేశిక సైన్యంలోకి రానీయకపోవడం చెల్లదని 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. నర్సు, వైద్యురాలు, ఇంజనీరు, కంప్యూటరు నిపుణురాలు, వీరి నైపుణ్యానికి యూనిఫారం క్రొత్తగా ఏమీ నేర్పనవసరం లేదు. ఇటీవల చైనా భాష బాగా తెలిసినవారిని సరిహద్దు సంభాషణల కొరకు ఈ సైన్యంలోకి తీసుకొన్నారు. ఈ వార్త నాకెంతో సంతోషం కలిగించింది. ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, రైలులో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు నేర్చుకొంటూ పెరిగే మన పిల్లలతో "ఇన్ని భాషలెందుకు, దేనికి పనికివస్తాయి" అని అడిగేవారికి ఇదొక సమాధానం.

సభాసదులారా, తల్లిదండ్రులారా! మీ పిల్లలందరినీ సైన్యంలోకి పంపమని అడగడానికి నేను నిలబడలేదు. కన్నవారి భయం నాకు తెలుసు. నేను కోరేది చిన్న కోరిక. ఈ సభలో దుకాణాలు, వర్కుషాపులు, ఆసుపత్రులు, కార్యాలయాలు నడుపుతున్న పూర్వ విద్యార్థులు అనేకులున్నారు. మీ వద్ద పనిచేసేవాడు ఎవడైనా శిబిరానికి సెలవు కావాలని మీ ముందు నిలబడితే, కాదనకండి. తిరిగివచ్చినప్పుడు అతని కుర్చీ అతనికి ఉంచండి. అతడు లేనప్పుడు అతని ఇంటికి నీళ్ళు, బియ్యం అందుతున్నాయో లేదో ఒకసారి కనుక్కోండి. ప్రభుత్వం చేయవలసిన సంస్కరణ ప్రభుత్వం చేస్తుంది. మనం చేయవలసిన సంస్కరణ ఇది.

ఇక ఆ తొమ్మిదవ తరగతి అబ్బాయికి నా సమాధానం. నాయనా, పది నెలలు వేరే ఉద్యోగం చేసుకొనేవాడు సైనికుడెలా అవుతాడని అడిగావు. ఆ పది నెలలలో తన పని తాను బాగా చేయడం వల్లనే అవుతాడు. మంచి ఫైర్‌మన్ కానివాడు మంచి రైల్వే సైనికుడు కాలేడు. మంచి నర్సు కాని ఆమె సైనిక వైద్యశాలలో ఎవరి ప్రాణమూ నిలుపలేదు. తక్కిన రెండు నెలలు దేశం నేర్పుతుంది. ఆ మనిషికి ఇచ్చిన మాటకు దేశం, యజమాని, ఇరుగుపొరుగు కట్టుబడి ఉండాలి. అప్పుడే అతడు సంపూర్ణ సైనికుడవుతాడు.

నాన్నగారి ట్రంకుపెట్టె ఇప్పుడు మా ప్రయోగశాలలో ఉన్నది. పిల్లల పటాలు, చార్టులు అందులో భద్రపరుస్తున్నాం. చూడదలచినవారు సభానంతరం రావచ్చును. ఆనాడు నా ప్రక్కన బెంచీ మీద కూర్చొన్న బాబాయిగారి అమ్మాయి కూడ ఈ సభకు వచ్చింది. ఆమె మనుమడు ఈ సంవత్సరమే మన బడిలో ఒకటవ తరగతిలో చేరాడు.

 జై హింద్.